తోమకూడని తుపాకులు

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పాలి. మాట్లాడబోయేది పాత అమెరికా రైఫిళ్లను కాపాడుకోవడం గురించే అయినా, ఈ రోజు నేను తుపాకి ఏదీ వెంట తీసుకురాలేదు. కాబట్టి తలుపు దగ్గర కూర్చున్నవారు నిశ్చింతగా ముందుకు జరగవచ్చు. నా దగ్గర ఉన్నదల్లా ఈ చిన్న రేకు డబ్బా. ఇందులో మూడు పాత స్క్రూలు, ఒక స్క్రూడ్రైవర్, మందు లేని ఉత్తుత్తి తూటాలు రెండు, ఒక వాల్‌నట్ చెక్క ముక్క ఉన్నాయి. నేను మాట్లాడుతుండగా డబ్బాను వరసల వెంట తిప్పుతాను, చూడండి.

మాది గుంటూరు జిల్లా. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా అమ్మ అటక మీది ఇత్తడి సామానంతా దించేది. గంగాళం, బిందెలు, దీపపు కుందులు. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు పెరట్లో పెట్టి పిల్లలకు తలా ఒకటి అప్పజెప్పేది. చివరికి మా నాయనమ్మ వచ్చి బిందెను వెలుగులోకి తిప్పి చూసేది. అందులో తన ముఖం కనిపిస్తే తోమినట్టు, లేకపోతే మళ్లీ మొదలు. పాత వస్తువు మీద ప్రేమ అంటే దాన్ని తళతళలాడించడమేనని నాకు అక్కడే నాటుకుపోయింది.

ఆ చదువుతోనే అమెరికా వచ్చాను. పందొమ్మిదేళ్ల కిందట పశ్చిమ పెన్సిల్వేనియాలో ఒక రైతు ఇంటి సామాను వేలం వేస్తుంటే 1920ల నాటి వించెస్టర్ సంస్థ మోడల్ 94 కార్బైన్, అంటే పొట్టి రైఫిల్, ఒకటి కొన్నాను. గొట్టమంతా కాఫీ రంగుకు తిరిగింది. చెక్క నల్లబడింది. పక్కన ఎవరో చాకుమొనతో రెండు అక్షరాలు చెక్కారు. ఇంటికి తెచ్చి నాలుగు వారాంతాలు కష్టపడ్డాను. ఉక్కును మెరుగు చక్రానికి పట్టాను. చెక్కను గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేశాను. ఉక్కుకు నీలిరంగు పట్టించే మందు దుకాణంలో కొని పూశాను. ఐదో వారం పక్కింటి పెద్దాయనకు గర్వంగా చూపించాను. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, పన్నెండో ఏట నుంచీ జింకల వేటకు వెళ్తున్నవాడు. తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసి, ‘చాలా బాగా మెరుస్తోంది. ఇదివరకు ఇది ఒకరిది. ఇప్పుడు ఎవరిదీ కాదు’ అని నా చేతిలో పెట్టారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ ప్రసంగం ఆ ఏళ్ల గురించే అనుకోండి.

ఆ 94 లివర్ యాక్షన్ రకం తుపాకి. అసలు లివర్ యాక్షన్ అంటే ఏమిటో తెలియనివారు ఉంటారు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియమే ఇందులో లివర్. బోరింగు పంపు కొట్టినట్టు దాన్ని ఒకసారి కిందికి నెట్టి, మళ్లీ పైకి లాగాలి. కిందికి వెళ్లినప్పుడు గొట్టం వెనక భాగాన్ని మూసే ఉక్కు దిమ్మ, అంటే బోల్టు, వెనక్కి జరిగి, పేలిన తూటా గుల్లను బయటికి విసిరేస్తుంది. ఆ కదలికలోనే హామర్, అంటే తూటాను పేల్చే చిన్న సుత్తి, ఎక్కుతుంది. పైకి వచ్చినప్పుడు కొత్త తూటా గొట్టంలోకి దూరి, వెనక తాళం పడుతుంది. తూటాలు ఉండేది గొట్టం కింద ఉన్న ఇంకో సన్నటి గొట్టంలో, ఒకదాని వెనక ఒకటి బారులు తీరి. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. మొత్తం పని చేసేది మన మణికట్టే.

ఈ ఏర్పాటుకు పేరు తెచ్చింది 1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ పేటెంట్ పొందిన రైఫిల్. అందులో 16 తూటాలు పట్టేవి. నింపాలంటే ముందు వైపు నుంచే నింపాలి, అదొక అవస్థ. దాన్ని తయారు చేసిన సంస్థ యజమాని ఆలివర్ వించెస్టర్ కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో చొక్కాల వ్యాపారి. తుపాకులు చేయడం ఆయనకు రాదు. ఎవరికి వచ్చో మాత్రం బాగా తెలుసు. నెల్సన్ కింగ్ అనే ఆయన పక్క నుంచి తూటాలు దూర్చే చిన్న మూతను కనిపెట్టాడు. అది పెట్టి 1866లో తెచ్చిన రైఫిల్‌తోనే వించెస్టర్ పేరు తుపాకి మీదికి ఎక్కింది. దాని నడిమి భాగం ఇత్తడిని పోలిన పసుపు లోహం, అందుకే జనం దాన్ని ‘ఎల్లో బాయ్’ అన్నారు. మా నాయనమ్మ కంటపడి ఉంటే దాని గతి ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు.

తరువాత 1873. ఇదే ఎక్కువమందికి తెలిసిన మోడల్. 7 లక్షలకు పైగా తయారయ్యాయి. తూటా పేరు 44-40. గుండు వ్యాసం సుమారు అంగుళంలో నూటికి 44 వంతులు, లోపల 40 గ్రెయిన్ల నల్లరంగు తుపాకిమందు. మందు అని తెలుగులో చెప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి ఫోనులో మా బావగారితో ‘పాత తుపాకులకు నల్లమందు వాడతారు’ అన్నాను. అవతలి నుంచి చాలాసేపు మాట లేదు. అది తుపాకిమందు బావగారూ, అభిని కాదు అని చెప్పుకోవలసి వచ్చింది.

1873 లోపల తాళం వేసేది మోకాలి కీలు లాంటి రెండు లంకెలు. కాలు చాపినప్పుడు గట్టిగా నిలబడుతుంది, కాని ఒక మోతాదు మించి బరువు పెడితే తట్టుకోదు. పెద్ద తూటాలకు అది చాలలేదు. ఇక్కడ యూటా రాష్ట్రం ఆగ్డెన్ నుంచి జాన్ బ్రౌనింగ్ వచ్చాడు. తుపాకులు చేసేవాడి కొడుకు. 1886, 1892, 1894, 1895 మోడళ్లు అన్నీ ఆయన బుర్రలో పుట్టినవే. కీలు తీసేసి, బోల్టు వెనక ఉక్కు దిమ్మ నిలువుగా పైకి లేచి అడ్డుపడేలా చేశాడు. తలుపుకు గడియ వేయడానికీ, అడ్డకర్ర పెట్టడానికీ ఉన్న తేడా అది.

1894 మోడల్‌కు, అంటే నేను కొన్న 94 రకానికి, మరుసటి ఏడాది పొగలేని మందుతో 30-30 తూటా వచ్చింది. ఇక ఆ జంట విడిపోలేదు. సన్నగా ఉంటుంది, మూడు కిలోల చిల్లర బరువు, పక్కలు చదునుగా ఉంటాయి కాబట్టి జీను కింద తొడుగులో ఇట్టే ఇమిడిపోతుంది. పదిలక్షల సంఖ్య పడిన తుపాకిని 1927లో అధ్యక్షుడు కూలిడ్జ్‌కు ఇచ్చారు. ఇరవై లక్షల సంఖ్య 1953లో ఐసెన్‌హోవర్‌కు వెళ్లింది. మొత్తం 70 లక్షలకు పైగా చేశారు. అంత మామూలు వస్తువు. మన ఊళ్లలో సైకిల్ ఎలాగో ఇక్కడి పల్లెల్లో ఇది అలాగ.

మేముండే పెన్సిల్వేనియాలో దీనికి ఇంకో బలం ఉంది. ఇక్కడ జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు అనుమతించరు. దట్టమైన అడవి, జింక కనిపించేది చాలాసార్లు వంద గజాల లోపే. అందుకని తాతల కాలం నాటి లివర్ రైఫిల్ మనవడి చేతిలో ఇప్పటికీ పనికొస్తుంది. వేట మొదలయ్యే రోజు చాలాచోట్ల బడులకు సెలవు ఇవ్వడం చూసి మా పిల్లలు మొదట్లో ఆశ్చర్యపోయేవారు.

సరే, ఇక నాకు కళ్లు తెరిపించిన తుపాకి సంగతికి వస్తాను. అది నాది కాదు. 2014 నవంబరులో నెవాడాలోని గ్రేట్ బేసిన్ జాతీయ వనంలో పురావస్తు సిబ్బంది తిరుగుతుండగా ఒక జూనిపర్ చెట్టుకు ఆనించి ఉన్న రైఫిల్ కనిపించింది. వించెస్టర్ 1873. ఎవరో ఒక చేత్తో పక్కన పెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్లినట్టు ఉంది. ఎండకు చెక్క బూడిదరంగుకు తిరిగి నెర్రెలు విచ్చింది. గొట్టమంతా తుప్పు. చెక్క అడుగుభాగం మట్టిలో కూరుకుపోయింది. చెట్టు రంగు, తుపాకి రంగు ఒకటే అయిపోయాయి, అందుకే అన్నేళ్లపాటు ఎవరి కంటా పడలేదు.

దాన్ని వయోమింగ్‌లోని కోడీ పట్టణంలో ఉన్న తుపాకుల మ్యూజియానికి పంపారు. వించెస్టర్ కర్మాగారపు పాత చిట్టాలు అక్కడే ఉన్నాయి. సంఖ్య పట్టి చూస్తే ఈ తుపాకి 1882లో గిడ్డంగి దాటిందని తేలింది. ఎవరు కొన్నారో, ఎందుకు వదిలేశారో చిట్టాలో లేదు. ఎక్స్-రే తీస్తే భుజానికి ఆనే చెక్క మడమలో ఉన్న అరలో ఒక తూటా కనిపించింది. మామూలుగా ఆ అరలో గొట్టం తుడిచే కడ్డీ ముక్కలు దాచుకుంటారు. ఈయన ఒక తూటా దాచుకున్నాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ మ్యూజియంలో పనిచేసేవారి దగ్గర లేని పరికరం లేదు. తలచుకుంటే దాన్ని 1882లో గిడ్డంగి దాటిన రోజులా తయారు చేయగలరు. మరి వాళ్లు ఏం చేశారు? పొడిపొడిగా రాలిపోతున్న చెక్కను రాలకుండా అతికించారు. మట్టి దులిపారు. తుప్పు ముందుకు పాకకుండా చూశారు. అంతే. ఎండ వేసిన బూడిదరంగు అలాగే ఉంది. నెర్రెలు అలాగే ఉన్నాయి. నేను ఆ ఫొటో చూసి లేచి బేస్‌మెంట్‌లోకి వెళ్లి నా తళతళలాడే 94 ముందు కాసేపు కూర్చున్నాను.

కోడీ మ్యూజియానికి తుపాకి సంఖ్య, రుసుము పంపితే చిట్టాలో ఉన్న వివరాలతో ఒక ఉత్తరం ఇస్తారు. ఏ తేదీన బయటికి వెళ్లింది, గొట్టం గుండ్రనిదా ఎనిమిది పలకలదా, ఏ తూటాకు చేసినది, ఇలాంటివి. సేకర్తలకు ఆ ఉత్తరం జన్మపత్రిక. కాని అన్ని మోడళ్లకూ, అన్ని సంఖ్యలకూ చిట్టాలు మిగల్లేదు. మోడల్ 1894కు ఉన్నవి 3,53,999 సంఖ్య వరకే. నా తుపాకి సంఖ్య దానికి ఎంతో పైన ఉంది. అంటే దాని చరిత్రకు కాగితం లేదు. ఉన్న ఆధారాలు రెండే. ఒకటి, దాన్ని మోసిన చెయ్యి రిసీవర్, అంటే నడిమి ఉక్కు భాగం, కింద పట్టుకున్న చోట నీలిరంగు అరిగి వెండిలా తేలిన మరక. రెండు, చాకుమొనతో చెక్కిన ఆ రెండు అక్షరాలు. రెండింటినీ నేనే తోమేశాను. ఆ అక్షరాలు ఏమిటో కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు.

తోమిన తుపాకిని ఎలా గుర్తు పడతారో చెబుతాను. మీలో ఎవరైనా కొనాలనుకుంటే పనికొస్తుంది. ధర చీటీ తర్వాత చూడండి, ముందు అంచులు చూడండి. కర్మాగారం నుంచి వచ్చిన రిసీవర్ అంచులు కత్తిలా కోసుకున్నట్టు ఉంటాయి. మెరుగు చక్రం తగిలితే సబ్బు బిళ్లలా గుండ్రబడతాయి. స్క్రూ దిగే రంధ్రం చుట్టూ ఉక్కు చిన్న పళ్లెంలా లోపలికి దిగుతుంది. గొట్టం మీది అక్షరాలు అస్పష్టమవుతాయి. ఇక చెక్క. కొత్తలో చెక్క ఉక్కుకన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేలా బిగిస్తారు. గరుకు కాగితం పడిన చెక్క ఉక్కు కన్నా కిందికి దిగిపోతుంది. వేలి గోటితో ఆ సందు మీద అడ్డంగా గీస్తే తెలిసిపోతుంది. కళ్లు మూసుకుని కూడా చెప్పవచ్చు.

ఆ తర్వాత స్క్రూలు. డబ్బా ఎక్కడి దాకా వచ్చింది? ఆ, మూడో వరస. ఆ స్క్రూల తలలు చూడండి. గాడి ఎంత సన్నగా, రెండు గోడలూ ఎంత నిటారుగా ఉన్నాయో గమనించండి. మన ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ మొన గొడ్డలి అంచులా కిందికి సన్నబడుతూ వస్తుంది. దాన్ని ఈ గాడిలో పెట్టి తిప్పితే పైకి జారి గాడి పెదవులను నలిపేస్తుంది. డబ్బాలో ఉన్న స్క్రూడ్రైవర్ మొన రెండు పక్కలా సమాంతరంగా అరగదీసినది, గాడి అడుగు దాకా నిండుగా కూర్చుంటుంది. తుపాకి పని నేర్చుకోవాలనుకునేవారు మొదట కొనవలసింది నూనె కాదు, ఇది. నలిగిన ఒక్క స్క్రూ చూసి, లోపల ఎలాంటి చెయ్యి తిరిగిందో కొనేవాడు ఊహించుకుంటాడు. సాధారణంగా ఆ ఊహ నిజమే అవుతుంది.

1964 సంగతి అడుగుతారని తెలుసు. ఆ ఏడాది వించెస్టర్ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చింది. తూటాను పైకి లేపే భాగం అంతకుముందు యంత్రం మీద చెక్కిన ఉక్కు, తర్వాత రేకు నొక్కి చేసినది. గట్టి పిన్నుల స్థానంలో చుట్ట చుట్టిన రేకు పిన్నులు వచ్చాయి. అప్పటి నుంచి సేకర్తల లోకం ‘64కు ముందు’, ‘64 తర్వాత’ అని రెండు కులాలుగా చీలిపోయింది. ముందువాటి ధర ఆకాశంలో, తర్వాతవాటికి చిన్నచూపు. ఈ పట్టింపు మరీ ఎక్కువైందని నా అభిప్రాయం. 1970ల తుపాకి కూడా జింకను కొడుతుంది. అడవిలోకి తీసుకెళ్లడానికే అయితే అదే కొనండి, గీత పడితే ఏడవనక్కరలేదు.

వించెస్టర్‌కు పోటీ సంస్థ మార్లిన్ గురించి రెండు ముక్కలు. వీళ్లు 1889 నుంచి ఖాళీ గుల్ల పై నుంచి కాక పక్క నుంచి పడేలా చేశారు. పైభాగం మూసి ఉంటుంది కాబట్టి వాన, చెత్త లోపల పడవు. టెలిస్కోప్ బిగించడమూ తేలిక. 1948లో వచ్చిన మోడల్ 336 ఇప్పటికీ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. గొట్టం మొదట్లో ‘జేఎం’ అనే ముద్ర ఉందేమో సేకర్తలు చూస్తారు. అది పాత కనెక్టికట్ కర్మాగారంలో చేసినదానికి గుర్తు.

ఇక నా మనసు దోచుకున్నది సావేజ్ 99. ఆర్థర్ సావేజ్ జమైకాలో పుట్టినవాడు. న్యూయార్క్ రాష్ట్రం యూటికాలో ఉంటూ ఈ రైఫిల్‌ను రూపొందించాడు. 1899 మోడల్ కాబట్టి తర్వాత 99 అయింది. బయట హామర్ కనిపించదు. తూటాలు గొట్టంలో బారులు తీరవు, కదురులా తిరిగే ఇత్తడి రాట్నంలో ఒక్కొక్కటి ఒక్కో గాడిలో కూర్చుంటాయి. ఎడమ పక్క చిన్న కిటికీలో ఇంకెన్ని మిగిలాయో అంకె కనిపిస్తుంది. అది వింతగా తోచవచ్చు, కాని అసలు గొప్పతనం వేరే ఉంది. గొట్టంలో బారులు తీరితే ముందు తూటా అడుగున ఉన్న ప్రైమర్‌కు, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే బిళ్లకు, వెనక తూటా మొన తగులుతుంది. మొన వాడిగా ఉంటే, తుపాకి అదిరినప్పుడు గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. అందుకే 30-30కి ముక్కు చప్పిడి గుండ్లు. డబ్బాలో ఉన్న రెండు తూటాలను పక్కపక్కన పెట్టి చూడండి, తెలుస్తుంది. రాట్నంలో ఆ గొడవ లేదు కాబట్టి సావేజ్ వాడి మొన గుండ్లు వాడగలిగింది. 1915లో దాని కోసం వచ్చిన ఒక తూటాకు 250-3000 అని పేరు పెట్టారు. ఆ 3000 ఏమిటంటే సెకనుకు అడుగుల్లో వేగం. ఆ రోజులకు అది పేరులో పెట్టుకోదగిన అంకే.

తుపాకిని ఎలా కాపాడుకోవాలి? నిజానికి చేయవలసింది చాలా తక్కువ. అందుకే కష్టం. చేతులు ఊరుకోవు.

దేనికన్నా ముందు లివర్ తెరిచి గొట్టం ఖాళీగా ఉందో లేదో కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి. కింది గొట్టం కూడా చూడాలి. లివర్ నాలుగుసార్లు ఆడించాం, ఏమీ పడలేదు కాబట్టి ఖాళీ అనుకోకూడదు. పాత స్ప్రింగు బిగుసుకుపోయి తూటా మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు. నిన్న మీరే చూసి పెట్టినా ఈ రోజు మళ్లీ చూడాలి. మా పక్కింటి పెద్దాయన గోడకు వేలాడే తుపాకిని దించినా, ఎవరి చేతి నుంచి అందుకున్నా, మాట మధ్యలో ఆపి మరీ చూసేవారు. ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

పాత గొట్టాలను చంపింది ఉప్పు. 1920ల చివరిదాకా ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, మన వంటింటి ఉప్పుకు చుట్టం. వర్షాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం మీరంతా చూసినదే. అదే గొట్టం లోపల జరుగుతుంది. ఉప్పు నూనెలో కరగదు. నూనె ఎంత రాసినా ఉప్పు మీద దుప్పటి కప్పినట్టే. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె పెట్టాలి. తుపాకిలో నీళ్లు పోయడమా అని కొత్తవాళ్లు హడలిపోతారు. నల్ల తుపాకిమందు కాల్చినవారు కూడా చేయవలసింది ఇదే. ఇప్పటి తూటాలు వాడేవారికి ఈ బెడద లేదు. కాని మీరు కొనే 1910 నాటి గొట్టం లోపల గుంటలు పడి ఉంటే కారణం ఇదేనని తెలుసుకోండి.

వించెస్టర్ 94 వెనక భాగం మూసి ఉంటుంది. కడ్డీని వెనక నుంచి దూర్చాలంటే సగం తుపాకి ఊడదీయాలి. కాబట్టి అందరూ ముందు నుంచి దూరుస్తారు. గుండు ఆఖరుసారి తాకి వెళ్లేది గొట్టం మొననే. ఉక్కు కడ్డీ అక్కడ ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి తిరిగితే మొన లోపల గుండును తిప్పే గాడులు ఒక పక్కకు అరిగిపోతాయి. ఇక గుండు ఎటు వెళ్తుందో దాని ఇష్టం. వేటలో కాల్చి అరిగినవాటికన్నా శుభ్రం చేసి అరగదీసినవే నేను ఎక్కువ చూశాను. పూత ఉన్న కడ్డీ వాడండి, గొట్టం మొనకు ఇత్తడి గుబ్బ తొడగండి. మార్లిన్ 336 అయితే లివర్ స్క్రూ ఒక్కటి తీస్తే బోల్టు బయటికి వచ్చేస్తుంది, హాయిగా వెనక నుంచే తుడుచుకోవచ్చు.

తుప్పు విషయానికి వస్తే, కదలని కాఫీరంగు తుప్పు వేరు, చేతికి అంటే ఎర్ర తుప్పు వేరు. మొదటిదాన్ని ముట్టుకోకండి, అది తుపాకికి పట్టిన వయసు. రెండోది తినేస్తుంది, తీయాల్సిందే. పలచటి నూనె రాసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత రాగి నాణెం అంచుతో మెల్లగా గీకండి. 1982కు ముందు నాటి అమెరికా సెంటు దాదాపు అంతా రాగే. రాగి ఉక్కుకన్నా మెత్తన. తుప్పు లేస్తుంది, కింద రంగు మిగులుతుంది. ఒక్క సెంటుతో ఇంత పని జరుగుతుంటే నేను నూట ఎనభై డాలర్లు పెట్టి మెరుగు చక్రం కొన్నాను.

నూనె ఎక్కువైనా ముప్పే. తుపాకిని నిలువుగా, గొట్టం పైకి పెట్టి ఏళ్ల తరబడి ఉంచితే నూనె మెల్లగా కిందికి దిగి చెక్కలోకి ఇంకుతుంది. డబ్బాలోని చెక్క ముక్క అలాంటిదే. ఒక పక్క నల్లగా ఉంది చూడండి, గోరు గుచ్చుకుంటుంది. అంత మెత్తబడిన చెక్క తుపాకి అదురుకు పగులుతుంది. నేను ఇప్పుడు గొట్టం కిందికి, మడమ పైకి పెడతాను. చూసినవాళ్లు తలకిందులుగా ఉందని చెబుతుంటారు. చెక్కకు ఏడాదికి ఒకసారి రెండు చుక్కల అవిసె నూనె అరచేత్తో రుద్దితే చాలు. ఉక్కుకు పలచగా మైనం.

తోలు సంచిలో మాత్రం దాచవద్దు. తొడుగు అందంగా ఉంటుంది, తాతగారి కాలంలో అలాగే ఉంచారు కదా అనిపిస్తుంది. తోలు పదును చేసే రసాయనాలు అందులోనే ఉంటాయి, చెమ్మను కూడా పట్టి ఉంచుతుంది. తోలు పటకాలో ఉంచిన ఇత్తడి తూటాలకు ఆకుపచ్చ చిలుము పట్టేది అందుకే. ఇనుప బీరువా, దానికి గట్టి తాళం, లోపల తేమ పీల్చే ఏర్పాటు. పిల్లలున్న ఇంట్లో తాళం గురించి నేను వేరే చెప్పను, తూటాలకు వేరే తాళం అని మాత్రం చెబుతాను.

కాల్చాలనుకుంటే ముందు తెలిసిన తుపాకి మేస్త్రీకి చూపించండి. బోల్టుకూ తూటాకూ మధ్య సందు ఎంతుందో కొలిచి చెబుతాడు. బయట హామర్ ఉన్న పాతవాటిలో హామర్‌ను సగం ఎక్కించి ఉంచడమే రక్షణ. ఆ గాడి అరిగి ఉంటే రక్షణ లేనట్టే.

చట్టం గురించి క్లుప్తంగా. సమాఖ్య చట్టం ప్రకారం 1898లో గాని, అంతకుముందు గాని తయారైనది పురాతన వస్తువు. కాబట్టి ఒకే మోడల్ 94లో పాత సంఖ్య ఉన్నదానికి ఒక లెక్క, నా 1920ల దానికి ఇంకో లెక్క. 50 ఏళ్లు దాటినవాటికి సేకర్తల లైసెన్సు ఉంది, మూడేళ్లకు 30 డాలర్లు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. మన వాళ్లకు ముఖ్యమైనది ఇంకొకటి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవారు సాధారణంగా తుపాకి కొనడానికి గాని, దగ్గర ఉంచుకోవడానికి గాని వీల్లేదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది కాని, స్నేహితుడి మాట మీద కాకుండా న్యాయవాదిని అడిగి అడుగు వేయండి. గ్రీన్ కార్డు ఉన్నవారి సంగతి వేరు. ఇండియాలో ఇంటికి తీసుకెళ్లి గోడకు తగిలించుకుంటానని ఒకరు నన్ను అడిగారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు లేని తుపాకికి చోటు లేదు. వేటను 1972 వన్యప్రాణి చట్టం నిషేధిస్తుంది. ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి.

నా మొదటి 94 ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అమ్మితే నేను పెట్టినదాంట్లో సగం కూడా రాదు. నేను దాన్ని అమ్మబోను కూడా. ప్రతి డిసెంబరులో దాన్నే అడవికి తీసుకెళ్తాను. ఇటీవల గమనించాను, రిసీవర్ కింద నా అరచెయ్యి పడే చోట నేను పూసిన నీలిరంగు అరిగి, కింద ఉక్కు కొద్దికొద్దిగా తేలుతోంది. మా అబ్బాయి చూసి మళ్లీ రంగు వేద్దామా నాన్నా అన్నాడు. వాడి చేతిలోంచి రంగు డబ్బా లాక్కున్నాను.

ఇక ప్రశ్నలుంటే అడగండి. అంతకుముందు ఆ రేకు డబ్బా ఎవరి దగ్గర ఉందో ఒకసారి చెయ్యి ఎత్తండి. స్క్రూలు మూడు ఉండాలి. రెండే ఉన్నాయంటున్నారా? కుర్చీల కింద చూడండి. అది ఇప్పుడు ఎక్కడా దొరకదు.